ఎవరో ఒకరు చెప్తారులే

ఆ వీధిలో అందరూ ఆయన్ని లిఫ్టుల బాబాయ్ అంటారు. పదిహేనేళ్లు ఒక లిఫ్టుల కంపెనీలో పనిచేశాడు. కంపెనీ మూతపడింది. అది అమ్మిన లిఫ్టులు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటి కంట్రోలు బోర్డులో నడిచే ప్రోగ్రామును విప్పి చూడగలిగినవాడు చుట్టుపక్కల ఆయనొక్కడే. అదైనా ఊరికే దొరికే ఒక డీబగ్గర్ పుణ్యాన. ప్రోగ్రామును ఒక్కో అడుగే నడిపించి, ఎక్కడ తడబడుతోందో చూపించే పనిముట్టు అది. ఎక్కడెక్కడి మనుషులో తీరిక వేళల్లో రాసి అందరికీ పంచుతారు.

ఆయన పెద్దమ్మ ఉండే భవనంలోనూ అలాంటి లిఫ్టే. ఏడాది కిందటి నుంచి మూడో అంతస్తు దాటగానే ఆగిపోతూ వచ్చింది. నాలుగు నెలల కిందట దానికి తాళం వేశారు. పెద్దమ్మది ఆరో అంతస్తు. ఆమె మోకాళ్లు ఆమె మాట వినడం ఎప్పుడో మానేశాయి. కొత్త లిఫ్టు కొనాలా వద్దా అని కింది హాల్లో మీటింగు పెట్టారు. దిగి రాలేనివాళ్ల సంగతి దిగి వచ్చినవాళ్లే తేల్చేశారు. అక్కర్లేదన్నారు.

బాబాయ్ పట్టుదలగా బోర్డు ముందు కూర్చున్నాడు. సరిగ్గా తప్పు దొరికే వేళకు బోర్డు దానంతటదే రీస్టార్ట్ అయ్యేది. ఆ క్షణానే డీబగ్గరూ బిగుసుకుపోయేది. ఆ లోపం గురించి దాన్ని రాసేవాళ్లకు తెలియజేసి, నెలల తరబడి ఎదురుచూశాడు.

మంగళవారం పొద్దున కొత్త వెర్షన్ విడుదలైంది. మార్పుల జాబితాలో ఏడో వరుస ఆయన చెప్పిన లోపమే. సరిచేశామని రాసి, పక్కన ఆయన పేరు వేసి ధన్యవాదాలు చెప్పారు. బాబాయ్ అక్కడితో చదవడం ఆపి ఫోను తీశాడు.

"పెద్దమ్మా, చెప్పులు దులుపుకో. ఈ వారం కిందికి దిగుతున్నావ్."

"నాలుగు నెలల్నించీ నీకు ఇదే వారం నడుస్తోంది కదరా!"

ఆ భవనం మేడమీది లిఫ్టు మోటారు గదిలో కొత్త వెర్షన్‌ను బోర్డుకు తగిలించాడు. బోర్డులోని చిప్ ఏదో తనకు తెలియదంది డీబగ్గర్. మళ్లీ జాబితా తెరిచాడు. పందొమ్మిదో వరుస: పాత రకం చిప్‌లతో పనిచేసే భాగం తీసేశాం, వాడుతున్నామని ఎవరూ చెప్పలేదు.

ఆరు నెలల కిందట వాళ్లు అడిగారు. ఇవి ఇంకా ఎవరైనా వాడుతుంటే ఒక్క మాట రాయండి అని. బాబాయ్ చదివాడు, రెండుసార్లు. ప్రపంచంలో ఇన్ని లిఫ్టులున్నాయి, పెద్ద పెద్ద ఇంజనీర్లున్నారు, ఎవరో ఒకరు చెప్తారులే, మధ్యలో మనమెందుకు అనుకున్నాడు. ఇంకెన్ని చోట్ల ఇంకెందరు బాబాయ్‌లు అలాగే అనుకున్నారో.

పాత వెర్షన్‌లో చిప్ ఉంది, మరమ్మతు లేదు. కొత్తదానిలో మరమ్మతు ఉంది, చిప్ లేదు.

డీబగ్గర్ రాసేవాళ్లకు మెయిల్ పెట్టాడు. సాయంత్రానికే జవాబు వచ్చింది. "మీరు అప్పుడే ఒక్క మాట రాసుంటే ఉంచేవాళ్లం. ఇప్పుడైనా ఆ భాగం బాధ్యత మీరు తీసుకుంటే మళ్లీ చేరుస్తాం." తిట్టి ఉంటే తిరిగి తిట్టుకోవడానికైనా ఉండేది. ఆ మర్యాదను ఏం చేసుకోవాలో ఆయనకు తెలియలేదు. తీసేసిన భాగాన్ని తెచ్చి కొత్తదానికి అతికించాలని మూడు రోజులు కుస్తీపట్టాడు. తెర నిండా తప్పులు. పనిముట్టు వాడటం వచ్చు గానీ, తయారు చేయడం ఆయనకు రాదు.

శనివారం మెట్లెక్కి ఆరో అంతస్తుకు చేరాడు. పెద్దమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని, చెప్పులు తొడుక్కుని, ఒళ్లో సంచీతో కూర్చుని ఉంది.

"ఆయాసం చూస్తేనే తెలిసిందిలే. బాగైతే లిఫ్టులో వచ్చేవాడివి."

బాబాయ్ జరిగిందంతా చెప్పాడు. ఆమె శ్రద్ధగా వింది.

"అంటే వాళ్లు అడిగారు. నువ్వు చెప్పలేదు."

"చెప్పలేదు పెద్దమ్మా."

"ఆ మీటింగువాళ్లు నన్నైతే అసలు అడగనే లేదురా."

చెప్పులు విప్పుకోవడానికి వంగలేక కాళ్లు ముందుకు చాపింది. బాబాయ్ కింద కూర్చుని ఒక్కొక్కటే విప్పాడు.