సైదమ్మ చేసిన పంపకం

2017 ఎండాకాలం. నల్గొండలోని ఒక దవాఖానలో నేను కౌన్సిలర్‌ని. మర్రిగూడ వైపు పల్లె నుంచి బీరమ్మ అనే మేకలకాపరి తన బిడ్డ సైదమ్మను ఆటోలో పడుకోబెట్టుకుని తీసుకొచ్చింది. సైదమ్మకు ఇరవై ఏడేళ్లు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి నడుము వంగి, కాళ్లు పడిపోయాయి. ఎముకల డాక్టరు చూసి, “ఈ అమ్మాయి తన మేకలన్నీ అన్న పిల్లలకు పంచేసిందట, జర మాట్లాడండి” అని నా దగ్గరకు పంపాడు.

ఉన్నవన్నీ పంచిపెట్టడం మా వృత్తిలో వార్నింగ్ సైన్, అంటే ప్రాణం తీసుకునే ఆలోచనకు గుర్తు. తల్లిని బయట కూర్చోబెట్టి సూటిగానే అడిగాను.

“చచ్చిపోదామని పంచినవా సైదమ్మా?”

“కాదు మేడం. ఇగ నేను లేస్తనా? నేనుండంగనే పంపకమైతే రేపు కొట్లాటుండదు. మేకల ఎంబడి మంచిగనే తిరిగిన. నా బతుకు నాకు సాలు. గీ మాట చెప్పబోతే అమ్మ ఇంటలేదు. జర ఇనేటట్టు చెయ్యి.”

మేం చదువుకున్న స్టేజ్ థియరీలో మనసుకు వయసును బట్టి మెట్లుంటాయి. ఇరవైల్లో తోడు వెతుక్కోవాలి. గడిచిన బతుకును తలచుకుని తృప్తిపడటం చివరి మెట్టు, అది ముసలివాళ్ల పని. ఆ లెక్కన సైదమ్మకు డిప్రెషన్ ఉండాలి. కానీ తిండి తింటోంది, నిద్రపోతోంది, అన్న పిల్లల మాట ఎత్తితే నవ్వుతోంది. ఆ థియరీ రాసినవాళ్లు ఏ ఊరి నీళ్లు తాగారో గానీ, ముప్పై నిండకుండానే ముసలితనం వచ్చే ఒళ్లు వాళ్ల లెక్కలో లేదు.

బీరమ్మను లోపలికి పిలిచాను.

“అమ్మా, నా మాటొకటి ఇను” అంది సైదమ్మ.

“ఊకో బిడ్డా. దేవరకొండ దిక్కు సంబంధమున్నది. నువ్వు లేస్తవు.”

“లేవనే.”

“నేను ఇనను” అని బీరమ్మ చెవులకు కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు ఒళ్లు మండింది. ఎంత నచ్చజెప్పినా ఆమె కొంగు తీయలేదు. సైదమ్మ ముఖం తిప్పుకుంది, ఇద్దరూ అలాగే ఇంటికి వెళ్లిపోయారు.

వానాకాలంలో బీరమ్మ ఒక్కతే వచ్చింది. వీపున పుండ్లు పడి, జ్వరమొచ్చి సైదమ్మ పోయిందట.

“నా బిడ్డ నీతోని ఏమో చెప్పింది గద మేడం. నేనే ఇనకపోతి. జర చెప్పు.”

చెప్పాను. ఈసారి ఆమె చెవులకు కొంగు అడ్డం పెట్టుకోలేదు. అయిపోయాక, “మల్ల చెప్పు” అంది. మళ్లీ చెప్పాను.

అప్పటినుంచి వయసు చూసి మనసును లెక్కగట్టడం మానేశాను. చెప్పేవాళ్లు బతికుండగానే వినాల్సినవాళ్లను కూర్చోబెడుతున్నాను, విననని మొండికేసినా సరే.