చెరువు తెగిన సంవత్సరం పీర్ల షర్బత్

మా ఊళ్లో పీర్ల పండుగకు షర్బత్ కలిపేది ఖుర్షీద్ బేగం. అయిజ బజారులో గాజులమ్ముకుని బతికే మనిషి. నోరు పెద్దది, చెయ్యి అంతకంటే పెద్దది. షర్బత్‌కు బెల్లం మాత్రం పక్కింటి ఇందిరమ్మ తేవాలి. వాళ్ల అత్తల కాలం నుంచీ అదే ఆనవాయితీ.

ఈసారి తొలకరి వానలకే చెరువు తెగి ఊరంతా బురదైంది. మంచినీళ్ల బావిలోకి మురికి చేరింది. నల్లా నడిపే చెన్నయ్య ట్యాంకు కడిగి, బ్లీచింగ్ పౌడరు కలిపి శుభ్రమైన నీళ్లు వదిలాడు. మా వాళ్లు తాగితేగా. మందు వాసనట. బిందెలెత్తుకుని వాగుకు పోయి ఇసుకలో గుంతలు తీసి, ఊరిన చెలిమ నీళ్లు తోడుకున్నారు. తాతల నాటి నుంచీ చెలిమ నీళ్లే తియ్యనట. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన చచ్చిన గొడ్లు ఆ పక్కనే పడి ఉన్నా వాళ్ల కంటికి ఆనలేదు.

అందరికంటే ముందు వాగు దారి పట్టింది ఇందిరమ్మే. ఆమె మనుమరాలు సుమన, నాలుగేళ్ల పిల్ల, వాంతులు విరేచనాలతో గద్వాల దవాఖానలో సెలైన్ ఎక్కించుకుని వచ్చింది. వచ్చిన పూటే ఇందిరమ్మ పిల్లకు మళ్లీ చెలిమ నీళ్లే తాగించింది. గోడ అవతలి నుంచి చూసిన ఖుర్షీద్‌కు కడుపు మండింది. పుట్టినప్పుడు ఆ పిల్లను మొదట ఎత్తుకున్నది తనే. ఎంత చెప్పినా ఇందిరమ్మ చెవిన పెట్టలేదు.

పండుగ నాడు ఇందిరమ్మ బెల్లం తెచ్చేసరికి పీర్ల సావిడి ముందు ఖుర్షీద్ ఖాళీ గంగాళం పెట్టుకుని కూర్చుంది. ఒక పక్క నల్లా నీళ్ల బిందె, ఇంకో పక్క చెలిమ నీళ్ల బిందె. గ్లాసులు పట్టుకుని మేమంతా వరుసలో ఉన్నాం.

"ఇంక కలపలేదేంది?" అంది ఇందిరమ్మ.

"నీకోసమే చూస్తున్న అక్కా. ఊరి పిల్లలందరు తాగేటిది. ఏ నీళ్లు పోయాల్నో నువ్వే చెప్పు. ఎవలికన్న ఏమన్న అయితే పీర్లకు నువ్వే జవాబు చెప్పుకో."

సొంత ఇంట్లో మొండితనం చెల్లింది గానీ, ఊరి పిల్లల ఉసురు మోసే ధైర్యం ఇందిరమ్మకు లేదు. చేతిలోని బెల్లం కింద పెట్టి, నల్లా నీళ్ల బిందె ఎత్తి గంగాళంలో పోసింది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

బెల్లం కరిగి, సోంపు, మిరియాల పొడి పడ్డాక ఖుర్షీద్ మొదటి గ్లాసు ఆమెకే ఇచ్చింది.

"మందు వాసనొస్తుందా అక్కా?"

"వస్తుంది," అంది ఇందిరమ్మ. అబద్ధమాడే మనిషి కాదు. గ్లాసు ఖాళీ చేసి మళ్లీ చాపింది.

"ఇంకోటి తాగుతవా?"

"నాకు గాదు. సుమనకు."