ఎండ కరెంటు, ఇడ్లీ పిండి

"సూసినవా? నీ బ్యాటరీ పొద్దుగూకక ముందే సచ్చే తీర్గున్నది!"

"దానంతటది సస్తలేదు అత్తమ్మా, మీరే సంపుతున్నరు," అంది కోడలు.

"నేనేం జేసిన? పిండి రుబ్బిన. పిండి రుబ్బుడు గూడ తప్పేనా?"

"ఒక్కటేనా? రెండు గ్రైండర్లు, బోరు మోటరు, ఫ్యాన్లు, అన్నీ ఒక్కపారే ఏసిన్రు. ఆఖరికి ఎల్లిపాయ కారం గూడ మిక్సీల పట్టిన్రు!"

"ఎండ కరెంటు ఊకెనే వస్తాంది గదా!"

ఆ మాటతోనే నా పరువు పోయింది. మేడ్చల్‌లో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో కోడలు ఇడ్లీ పిండి వ్యాపారం చేస్తుంది. రుబ్బిన పిండి ప్యాకెట్లను చల్లగదిలో పెట్టి, పొద్దున్నే ఆటోలో సుచిత్ర చౌరస్తా దుకాణాలకు పంపుతుంది. చల్లదనం పోయిందా, పిండి పులుస్తుంది, ప్యాకెట్లు ఉబ్బుతాయి, ఇక వాటిని ఎవరూ ముట్టరు. షెడ్డు మీద సోలార్ పలకలు పెట్టించింది. మరి కరెంటూ ఎండా రెండూ లేనప్పుడు ఎలా? అదీ మా పేచీ.

నేను డీజిల్ ఇంజన్ పక్షం. పాతదే, కానీ తాడు లాగితే లేస్తుంది. దాని పొగ తిన్నగా షెడ్డులోకే వస్తుంది, అదొక్కటే లోపం. పోయిన ఎండాకాలం శామీర్‌పేటలో ఒక హాస్టల్ వాళ్లు ఇడ్లీలు డీజిల్ కంపు కొడుతున్నాయని పిండి తిప్పి పంపారు. "ముక్కులు ఎక్కువైనయి వాళ్లకు" అని ఆ పిండితోనే దోశలు పోసి ఇంటిల్లిపాదికీ తినిపించాను. నేను మాత్రం ఒకటి తిని, కడుపులో బాగాలేదని లేచాను.

కోడలిది లిథియం బ్యాటరీ పక్షం. పొగ లేదు, చప్పుడు లేదు. నా పోరు పడలేక ముందు ఒకటి పరీక్షకు పెట్టించింది. అదే సమయానికి హాస్టల్ వాళ్లు మళ్లీ కబురు చేశారు. రేపు పంపే పిండి బాగుంటే రోజూ తీసుకుంటారట, బాగాలేకపోతే ఇక తమను అడగొద్దట.

ఆ మధ్యాహ్నమే గాలివానకు లైను తెగింది. చల్లగది మాత్రం ఆగలేదు. బ్యాటరీ అందుకుంది. అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. మా దగ్గర నల్లా వచ్చిందంటే బిందెలు, బకెట్లు, చివరికి చెంబులు కూడా నింపుతాం. వచ్చినప్పుడు పట్టుకోకపోతే మన నీళ్లు పక్కవాళ్లవి. ఎండ కరెంటునూ అలాగే పట్టుకోవాలనుకున్నాను. ఖాళీ గదిలో బల్బు వెలిగితే ఇంటినంతా నిలబెట్టి తిట్టే నేనే ఎల్లుండికి కావలసిన పిండి కూడా రుబ్బేశాను. ట్యాంకు నిండి గోడ వెంట కారేదాకా మోటారు ఆపలేదు.

"అవ్వా, రోజూ నన్ను ఫోన్ చార్జింగ్ గూడ పెట్టుకోనియ్యవు గదనే!" అంది మనవరాలు.

"గదేమో బిల్లు కరెంటు. గిదేమో ఎండ," అన్నాను. మూడో తరగతితో ఆగిన నా చదువు ఎంత ధైర్యంగా మాట్లాడుతుందో చూడండి.

కోడలు సుచిత్ర చౌరస్తా నుంచి వచ్చేసరికి బ్యాటరీ మీద ఒక్క గీత మిగిలింది. మొగులు విడవలేదు, ఎండ రాలేదు. ముందు చెప్పిన పోట్లాట అయ్యాక నేను విసవిసా వెళ్లి ఇంజన్ తాడు పట్టుకున్నాను.

"లాగుర్రి అత్తమ్మా," అంది కోడలు నెమ్మదిగా. "వాసనొస్తే మాత్రం రేపు మీరే శామీర్‌పేట వోయి ఇచ్చిరార్రి."

ఆ హాస్టల్ వంటామె ముందు ప్యాకెట్లు పట్టుకుని నిలబడ్డట్టు ఊహించుకున్నాను. తాడు వదిలేశాను.

"మరేం జేద్దామంటవు?" నేను ఆమెను సలహా అడగడం బహుశా అదే మొదటిసారి.

"చల్లగది ఒక్కటుంచి అన్నీ బంద్ జేద్దాం. తలుపు మాత్రం తెరవద్దు."

కోడలు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. నా సంగతి ఆమెకు తెలుసు. చీకట్లో తలుపుకు చెవి ఆనించి, మిషన్ నడుస్తోందా లేదా అని వింటూ కూర్చున్నాను. ఎల్లుండి కోసమని రుబ్బిన పిండికి చల్లగదిలో చోటే లేదు. అది గంగాళంలో పొంగి నేలమీదికి దిగుతుంటే గరిటెతో ఎత్తిపోస్తూ ఉన్నాను.

తెల్లారింది. కరెంటు ఇంకా రాలేదు, ఎండ మాత్రం వచ్చింది. కోడలు తాళం తీసింది. పిండి చల్లగానే ఉంది. గుమ్మం దగ్గరి ప్యాకెట్లు కొన్ని ఉబ్బితే పక్కన పెట్టింది. ఆటో శామీర్‌పేట వెళ్లింది. టిఫిన్ల వేళ దాటాక హాస్టల్ నుంచి ఫోన్ వచ్చింది, రోజూ పంపమని.

బ్యాటరీ పెట్టినతను వస్తే నేనే ముందు అడిగాను. "గిది సచ్చినంక ఏడ వడేస్తరు? చెర్లనా?"

"లేదమ్మా, మేమే వాపస్ తీస్కపోతం. లోపలి సామాను మళ్ల కొత్తయాటికి పనికొస్తది."

"గా ముక్క కాయితం మీద రాసియ్యి. అప్పుడే ఉంచుకుంటం."

రాసిచ్చాడు. తర్వాత కోడలు గ్రైండర్లను, మోటారును బ్యాటరీ లైను నుంచి తప్పించమంది. ఎందుకని అడిగాడతను. ఆమె నా వైపు చూసింది.

"నా కోసమే. తప్పియ్యి," అన్నాను.

తప్పించాడు.