డాక్టరు చూసేదాకా

మడకశిర నుంచి కర్ణాటక వైపు పోయే బస్సులు ఆగీ ఆగనట్టు ఆగే ఊరు అది. ఆ ఊళ్ళో తిప్పేస్వామిని ఎరగనివాళ్ళు లేరు. గొప్పవాడని కాదు. ఎవరి గొర్రె కుంటినా, ఎవరి మేక ఈనలేక అవస్థ పడినా ముందు అతని గడపే తొక్కేవాళ్ళు. మందలో నడిచే గొర్రెను వెనక నుంచి చూసి దాని రోగం చెప్పేవాడు. మనుషుల సంగతికి వచ్చేసరికి మాత్రం, అతని భార్య గంగాదేవి అన్నట్టు, కండ్లుండీ గుడ్డోడు.

గంగాదేవికి మాట అంటే ప్రాణం. మందను తోలుకుని అతను పది రోజులు బయటి పొలాలకు పోయి వచ్చాడంటే, ఆ పది రోజుల ఊరి సంగతులన్నీ ఒక్క పూటలో అతని ముందు కుమ్మరించేది. ఎవరి కోడలు అలిగింది, ఎవరి ఎద్దు ఎవరి చేలో పడింది, చవుక ధర దుకాణంలో ఈ నెల బియ్యం ఎందుకు రాలేదు. అతను సంగటి తింటూ ఊ కొట్టేవాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె చెప్పటం, అతను వినటం ఇంటి పద్ధతిగా స్థిరపడిపోయింది. ఆ మాటల కోసమే ఇల్లు చేరేవాడంటే అబద్ధం కాదు. ఆమెకు మాత్రం ఆ మాట ఒక్కసారి కూడా చెప్పలేదు, మొద్దు మనిషి.

2005 చివర్లో బోరింగు దగ్గర నీళ్ళు కొడుతూ గంగాదేవి కింద పడింది. కాళ్ళు చేతులు కొట్టుకున్నాయి, నోట్లో నురగ వచ్చింది. మళ్ళీ వారానికి ఇంకోసారి. అనంతపురం తీసుకుపోయి స్కాన్ తీయిస్తే తలలో గడ్డ ఉందని తేలింది. ఆపరేషన్ చేసి తీయాలి, అది పెద్ద ఊళ్ళలోనే చేస్తారు, మంద మొత్తం అమ్మినా సరిపోదు అన్నారు. అందాకా పొద్దునొకటి, సాయంత్రమొకటి మాత్రలు వేసుకోమని పెద్దాసుపత్రి డాక్టరు రాసిచ్చాడు. "ఇవి ఫిట్సును ఆపుతాయి. గడ్డను ఆపవు. అది పెరుగుతూనే ఉంటుంది" అని కూడా చెప్పాడు.

మాత్రలు బాగా పనిచేశాయి. ఏడాదిన్నర పాటు ఒక్క ఫిట్ రాలేదు. ఆమె నీళ్ళు మోసింది, కలుపు తీసింది, నోరారా మాట్లాడింది. చూసినవాళ్ళెవరూ ఆమె తలలో అంత రోగం పెట్టుకుని తిరుగుతోందని అనుకోరు.

2007 ఎండాకాలంలో ఆ కబురు వచ్చింది. పేదవాళ్ళకు సర్కారు ఆరోగ్య బీమా పెట్టింది. తెల్ల కార్డు ఉంటే చాలు, గుండె, మెదడు, కాన్సరు ఆపరేషన్లు పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లోనే ఊరికే చేస్తారు. ఆ నెలాఖరుకు మడకశిర హైస్కూల్లో క్యాంపు. పెద్ద పెద్ద డాక్టర్లు వచ్చి చూసి ఎవరికి కావాలో రాసుకుపోతారు.

బీమా అనే మాట తిప్పేస్వామికి కొత్త కాదు. అతని కర్మ అక్కడే కాలింది. మూడేళ్ళ కిందట వానాకాలంలో గొర్రెలకు మూతి వాచే రోగం వచ్చింది. బీమా చేయించి, చెవులకు బిళ్ళలు వేయించిన గొర్రెలు పదకొండు చచ్చాయి. మిగతావాటికి రోగం అంటుతుందని అతను వెంటనే గుంట తీసి పూడ్చాడు. చెవులు మాత్రం బిళ్ళలతో సహా కోసి దాచి పట్టుకుపోయాడు. "చచ్చిన గొర్రెను మా డాక్టరు కళ్ళారా చూడాలయ్యా, చెవులు ఎవరైనా తెస్తారు" అని బీమా మనిషి వెనక్కి పంపాడు. పక్కింటి లింగన్న చచ్చిన గొర్రెల్ని వాటిని తోలే దొడ్డిలోనే, రొప్పంలోనే పడేసి, పైన ముళ్ళ కంప కప్పి, డాక్టరు వచ్చేదాకా రెండు రోజులు ముట్టలేదు. ఊరంతా ముక్కు మూసుకుంది. బీమా డబ్బు లింగన్నకు వచ్చింది.

కాబట్టి క్యాంపు కబురు వినగానే తిప్పేస్వామి గుండెలో సంతోషం కంటే ముందు భయం పుట్టింది.

"నిన్ను చూస్తే రోగమున్న మనిషంటారా? బాగుండే మనిషికి ఆపరేషన్ ఏంది పొమ్మంటారు" అన్నాడు.

"స్కాన్ కాయితం ఉండాది కదయ్యా" అంది గంగాదేవి.

"ఆ పొద్దు చెవులు కూడా ఉండె కదా."

మాత్రలు ఆపితే రోగం వాళ్ళకు కళ్ళారా కనపడుతుందని అతనికి తోచింది.

మూర్ఖుడు కాదు, అడిగి తెలుసుకుందామనే అనుకున్నాడు. ఎండలో నాలుగు మైళ్ళు నడిచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోయాడు. ఆ రోజు డాక్టరు లేడు. హెల్త్ అసిస్టెంటు జోయల్ వరండాలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఓబుళేసు నిలబడి క్యాంపు పోస్టరు అంటించటానికి గోడకు బంక పూస్తున్నాడు. ఓబుళేసు మండలంలో తిరిగే నాయకుడు. ఇద్దరూ అప్పటికే వాదులో ఉన్నారు.

"ఇంగ మన కంబళి మనిషి కూడా దొరల ఆసుపత్రిలో మంచం మింద పండుకుంటాడు. చూస్తాండు జోయలూ" అన్నాడు ఓబుళేసు.

"పండుకుంటాడులేన్నా, పెద్ద రోగానికి. జొరానికి, కాన్పుకి, తేలు కుడితే యాడికి వస్తాడు? ఈడికే. ఈడ ఏముండాది? డాక్టరు వారానికి రెండు దినాలు, సూదిమందు నెలకు పది దినాలు. ఆ ప్రైవేటోళ్ళకి కట్టే దుడ్లలో పావు వంతు ఈడ పెడితే మేమే బాగు చేస్తాము."

"ఇన్నేండ్లూ మీ చేతికే ఇచ్చిరి కదప్పా. ఏం బాగు చేస్తిరి? ఎవురొచ్చినా హిందూపురం పో, అనంతపురం పో అంటిరి."

"ఇచ్చింటే కదా చేసేది!"

తిప్పేస్వామి చెప్పులు విడిచి మెట్టు ఎక్కాడు. "అన్నా, ఒక మాట అడగల్ల" అన్నాడు.

"ఇదో, ఈయప్పనే అడుగు" అన్నాడు ఓబుళేసు జోయల్ వైపు తిరిగి. "ఈయప్ప పెండ్లానికి తలకాయలో గడ్డ. నువ్వు తీస్తావా? మీ సర్కారు ఆసుపత్రి తీసిందా?"

"ఏడాదిన్నర నుంచి ఆయమ్మను నిలబెట్టిన మాత్రలు ఎవురిచ్చిరి? సర్కారు ఆసుపత్రే కదా?"

"ఆ మాత్రల గురించే అన్నా. క్యాంపుకు పోయేటప్పుడు ఆ మాత్రలు..."

"చూస్తివా?" అని ఓబుళేసు అందుకున్నాడు. "మాత్రలిచ్చి సరిపెడతాండారు. రోగం పోయెనా?"

అంతే, మళ్ళీ మొదలు. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది, కాదనను. ఆ రోజుల్లో అసెంబ్లీలోనూ, పేపర్లలోనూ, టీ హోటళ్ళలోనూ ఇదే వాదు నడిచింది. ఇప్పటికీ తేలలేదు. నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, అరగంట సేపు వాళ్ళు తిప్పేస్వామి భార్యను అటొకరు ఇటొకరు పట్టుకుని లాగారు గానీ, అతను ఏమడగటానికి వచ్చాడో ఇద్దరిలో ఒక్కడూ అడగలేదు. "ఆపాలా, వేసుకోవాలా?" ఇంతే అతని ప్రశ్న. రెండు నిమిషాల పని. అతను ఇద్దరికీ దండం పెట్టి, చెప్పులు వేసుకుని వచ్చేశాడు.

క్యాంపు ఇంకా పది రోజులుందనగా మాత్రలు ఆపేశారు.

"నేనేమన్నా నీ గొర్రెనా?" అని గంగాదేవి నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "మళ్ళా వస్తే భయమయితాదయ్యా. బోరింగు దగ్గర పడినప్పుడు చీర యాడ పోయిందో కూడా తెలీకపాయె" అంది.

"ఒక్కసారి వస్తే చాలు. వాళ్ళ కండ్ల ముందర. ఆపైన జన్మలో రాకుండా చేస్తారు" అన్నాడు.

ఆమె ఒప్పుకుంది. అతని మీద నమ్మకం. అంతటితో ఊరుకుందా, బోరింగు దగ్గర ఆడవాళ్ళందరికీ చెప్పింది, మాత్రలు ఆపినామని, ఎందుకు ఆపినామో కూడా.

మొదటి రోజు ఏమీ కాలేదు. నాలుగో రోజూ కాలేదు. ఎనిమిదో రోజుకు తిప్పేస్వామికి వేరే దిగులు పట్టుకుంది, రాదేమోనని. మందను మేపుతూ, కట్టుకున్న భార్యకు మూర్ఛ రావాలని దేవుణ్ణి వేడుకున్నాడు. ఇలాంటి మొక్కు మొక్కిన మొగుడు ఈ జిల్లాలో ఇంకొకడు ఉన్నాడేమో నాకు తెలియదు.

పదో రోజు, క్యాంపు రోజు, తెల్లారుతూనే వచ్చింది. కొత్త చీర కట్టుకుంటూ పడిపోయింది. తిప్పేస్వామికి ఆ క్షణాన కలిగింది ఊరటే, దాన్ని దాచి లాభం లేదు. ఆమె తేరుకోకముందే రెండోది వచ్చింది. ఆటో దొరికి ఎక్కించేసరికి మూడోది. దారిలో ఇక లెక్క లేదు, ఒకటి ఆగిందనుకునేలోపే ఇంకొకటి. అతను ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, "చాలు మే, చాలు, ఇంగ చాలు" అంటూనే ఉన్నాడు.

హైస్కూలు వరండాలోకి ఎత్తుకుని పరుగెత్తాడు. డాక్టర్లు టేబుళ్ళు వదిలి లేచి వచ్చారు. చూడాల్సినవాళ్ళు కళ్ళారా చూశారు. సూది మీద సూది వేశారు.

"మాత్రలు వాడుతోందా?" అని పెద్ద డాక్టరు గట్టిగా అడిగాడు.

ఆపినామంటే బీమా పోతుందని తిప్పేస్వామికి తోచింది. గొర్రెల నాటి నుంచీ అతనికి ఒంటబట్టిన పాఠం అదే, నిజం చెప్పినవాడికి ఏమీ రాదు.

"వేస్తానే ఉండాము సార్. ఒక్క పూట కూడా తప్పలేదు."

మాత్రలు వాడుతున్నా ఫిట్సు ఆగటం లేదని డాక్టరు రాసుకున్నాడు. నూట ఎనిమిది బండి వచ్చింది.

బీమా మంజూరైంది. రెండు రోజుల్లోనే అయింది. పెద్ద ఊళ్ళో, అద్దాల ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగింది, గడ్డ తీసేశారు, ఒక్క రూపాయి అడగలేదు. గంగాదేవి తొమ్మిది రోజులకు కళ్ళు తెరిచింది. కుడి చెయ్యి, కుడి కాలు లేవలేదు. మాట లేదు. మొగుణ్ణి చూసింది గానీ, పోల్చుకున్నట్టు లేదు.

"గడ్డ బాగానే వచ్చేసిందయ్యా" అన్నాడు అక్కడి డాక్టరు. చిన్నవాడు, కాస్త దయగలవాడు. "ఆ రోజు అంతసేపు విడవకుండా ఫిట్సు వచ్చాయి కదా, దానివల్ల మెదడు దెబ్బతింది. ఆ మాత్రలు పనిచేసి ఉంటే ఈమె ఈపాటికి నడుచుకుంటూ ఇంటికి పోయేది."

"మా బీమా దేన్ని బట్టి ఇచ్చినారు సార్?" అని అడిగాడు తిప్పేస్వామి.

"స్కాన్ చూసి. గడ్డ కనపడుతోంది కదా, ఇంకేం కావాలి?"

ఇంటికి వచ్చాక మందను అమ్మేశాడు. ఆమెను వదిలి పోవటానికి లేదు. పొద్దున ముఖం కడుగుతాడు, సంగటి మెత్తగా పిసికి పెడతాడు, ఎండ మళ్ళగానే మంచం నీడలోకి లాగుతాడు. ఇప్పుడు ఊరి సంగతులు అతనే చెబుతున్నాడు. ఎలా చెప్పాలో తెలియక రెండు మాటలు చెప్పి ఆగిపోతాడు. ఆమె గోడ వైపు చూస్తూ ఉంటుంది. ఒకసారి బీమా వాళ్ళెవరో వచ్చి ఆమె ఫొటో తీసుకుని, ఫిట్సు వస్తున్నాయా అని అడిగి, లేదంటే కాగితం మీద టిక్కు పెట్టుకుపోయారు. ఊళ్ళో మాత్రం, సర్కారు గంగాదేవిని బతికించిందనే అందరూ చెప్పుకున్నారు.

ఆ మరుసటి ఏడు మళ్ళీ క్యాంపు అన్నారు. దానికి నాలుగు రోజుల ముందు రొళ్ళ పక్క పల్లె నుంచి పెద్దక్క అనే ఆమె వెతుక్కుంటూ వచ్చింది. తిప్పేస్వామి ఆమెను ఎన్నడూ చూడలేదు. గడపలో కూర్చుని, చెంగుతో ముఖం తుడుచుకుంది.

"మా ఇంటాయన ఎర్రప్పకు కూడా తలలో గడ్డ అన్నా. ఆపరేషన్ చేయకపోతే ఏడాది కూడా ఉండడన్నారు. మీకు రెండు దినాల్లోనే మంజూరయిందంట కదా. మీరు చేసినట్టే మేమూ మాత్రలు ఆపినాము. ఆరు దినాలాయె, ఇంగా రాలేదు. మీకు ఎన్నో దినానికి వచ్చె?"

తిప్పేస్వామి చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టాడు.

"ఆపొద్దమ్మా. ఈ పొద్దే వెయ్యి. బీమాకూ మాత్రలకూ పని లేదు. స్కాన్ కాయితం చాలు, వాళ్ళే చెప్పినారు. మాత్రలు ఆపినందుకే ఇట్లయింది. నేనే ఆపితిని, నేనే దీని మాట తీసేస్తిని" అన్నాడు. ఏడాదిగా ఎవరికీ చెప్పని మాట, ముక్కూ ముఖం తెలియని మనిషికి చెప్పేశాడు. "కావాలంటే చూడు" అని ఆమెను మంచం దగ్గరికి తీసుకుపోయాడు.

పెద్దక్క గంగాదేవిని చాలాసేపు చూసింది. ఆమె పక్కన కూర్చుని, పడిపోయిన చేతిని ఎత్తి ఒళ్ళో పెట్టింది.

"బతికుండాది కదన్నా" అంది. "మా ఆయన ఇట్లన్నా మిగిలితే నాకు చాలు."

"అది కాదమ్మా, ఆపకుండానే ఇస్తారంటాండా..."

"ఆపినోళ్ళకు ఇచ్చింది మా కండ్లతో చూస్తాండాము. ఆపకుండా ఇచ్చింది యాడ చూసినాము?" అని లేచింది. కోపం లేదు ఆమె గొంతులో. "నీకు వచ్చింది కదా, ఇంకొకరికి వస్తే నీకేం నష్టమన్నా? ఎన్నో దినమో చెప్పరాదా?"

అతను చెప్పలేదు. ఆమె వెంట బస్సు దాకా నడిచాడు, మాత్రలు వెయ్యమ్మా, వెయ్యమ్మా అని బతిమాలుతూ. ఆమె అతనితో మాట్లాడటం మానేసింది. అక్కడ బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ళను అడిగింది. పదో రోజని వాళ్ళు చెప్పారు.