తడి ఆరనివ్వని కాగితాల కట్ట

మామ పోయారన్న కబురు చిత్తూరు నుంచి ఫోనులో వచ్చింది. చేసింది ఆయన మేనల్లుడు. "అక్కా, మామ పొద్దున లేయలేదు" అన్నాడు, అంతే. ఆ సమయానికి నేను మామ నాకు అప్పగించి వెళ్ళిన బకెట్లో చెంబుతో నీళ్ళు పోస్తున్నాను. ఫోను చెవికి ఆనించుకునే మిగతా నీళ్ళు కూడా పోసేశాను. ఏం చేయాలో తోచనప్పుడు చేతిలో ఉన్న పని పూర్తి చేయడం నాకు అలవాటు.

మామ నాకు చుట్టం కాదు. తిరుపతిలో ఒకే ఇంటి మేడమీద పక్కపక్క పోర్షన్లలో చాలా ఏళ్ళు అద్దెకున్నాం. ఆయన గుడి ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. భార్య పోయాక ఒక్కరే. నేను ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తాను, పెళ్ళి చేసుకోలేదు, ఇంట్లో నేనూ ఒక్కదాన్నే. నాకు తల నెరిసినా ఆయన నోట "పాపా" అన్న పిలుపు మాత్రం మారలేదు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు.

నుదుట నిలువు నామం, భుజం మీద ఉత్తరీయం, నడిచేటప్పుడు చీమలబారు కనిపిస్తే పక్కకు తప్పుకునే మనిషి. ఆయన దగ్గర రివాల్వరు ఉందని తెలిసిన రోజు నేను తలుపుకు ఇంకో గడియ బిగించుకున్నాను. ఊళ్ళో చెరుకు తోటకు అడవిపందుల బెడద ఉన్న కాలంలో వాళ్ళ నాయన తీసుకున్న లైసెన్సు, తర్వాత ఈయన పేరుకు మారింది. చెరుకు తోట ఎప్పుడో పోయింది. రివాల్వరూ, ఎప్పుడో మద్రాసులో కొన్న ఒక డబ్బా తూటాలూ మిగిలాయి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని తీసుకెళ్ళి స్టేషన్లో అప్పగించి, అయ్యాక తెచ్చుకునేవారు. అది ఇంట్లో లేని నెలల్లో మనిషికి ఏమీ తోచేది కాదు.

ఆయనకు ఒకటే ప్రశ్న. బీరువాలో ఇన్ని ఎండాకాలాలు ఉడికిన ఆ తూటాల్లో ఇంకా సత్తువ ఉందా, పోయిందా? "పాతబడినాయని తుపాకుల అంగడాయన పారేయమన్నాడు. అడక్కుండా పారేస్తే ఎట్లా పాపా? ఒక్కొక్కదాన్నీ అడిగి సూడాల గదా" అనేవారు.

అడగడమంటే ఇదీ. బస్టాండు దగ్గర లాడ్జి నుంచి పాత దినపత్రికలు తెచ్చుకునేవారు, కాగితం మందం మారకూడదని ఎప్పుడూ ఒకే పత్రిక. వాటిని రాత్రంతా బకెట్లో నానబెట్టి, పొద్దున నీళ్ళు పిండేసి, పురికొసతో గట్టిగా కట్టేవారు. నెలకో ఆదివారం ఆ కట్టను స్కూటరు మీద పెట్టుకుని చంద్రగిరి అవతల కొండవార షూటింగ్ క్లబ్బుకు వెళ్ళేవారు. కట్ట మీదికి ఒకే ఒక్క తూటా కాల్చి, కట్టను విప్పకుండా అలాగే ఇంటికి తెచ్చేవారు. తూటాలోని సీసం ముక్క ఎన్ని కాగితాలు దాటి ఆగిందో లెక్కపెడితే, దానిలో ఎంత సత్తువ ఉందో తెలుస్తుందని ఆయన లెక్క.

ఆ లెక్క క్లబ్బులోనే తేల్చుకోవచ్చు. తేల్చుకోరు. మేడమీద నీడపట్టున రెండు ప్లాస్టిక్ స్టూళ్ళు ఎదురెదురుగా వేసి "పాపా, రా" అని కేకేసేవారు. ఆయన కాగితాలు తిప్పాలి, నేను లెక్కపెట్టాలి. ఇద్దరు లేనిదే కట్ట విప్పకూడదన్నది నియమం.

"మీరే తిప్పుకుంటూ మీరే లెక్కపెట్టుకోవచ్చు కదా మామా, నాకు బట్టలుతికే పనుంది" అని విసుక్కున్నాను ఒకసారి.

"తిప్పేవాడే లెక్కపెట్టుకుంటే మనసు కక్కుర్తి పడతాది పాపా. వాడికి యాది కావాల్నో అదే వస్తాది."

ల్యాబులో పనిచేసేదాన్ని కాబట్టి ఆ మాట నాకు నచ్చింది. కానీ ఆయన లెక్క ఏనాడూ సాఫీగా సాగిందని చెప్పలేను. తిప్పుతూ తిప్పుతూ తడిసిన రాశిఫలాల దగ్గర ఆగిపోయేవారు. "ఇదో, నీ రాశికి విందుభోజనం అంట" అనేవారు. అది ఎన్నో నెలల కిందటి పత్రిక. ఆ వారం నేను తిన్నది ఉప్మా. "లెక్క పోతుంది మామా" అని నేను కసిరితే బుద్ధిగా మళ్ళీ తిప్పేవారు. సీసం ముక్క దొరకగానే తుడిచి నా అరచేతిలో పెట్టేవారు. "పట్టుకో. ఇంక ఇది ఎవర్నీ ఏమీ సెయ్యలేదు." ప్రతిసారీ అదే మాట.

ఒక ఎండాకాలం సీసం ముక్క సగానికి కూడా రాకుండానే ఆగిపోయింది. మామ మొహం చూడలేకపోయాను. "అయిపోయినాయి పాపా, సచ్చిపోయినాయి" అని ఆ పూట అన్నం కూడా ముట్టలేదు. సాయంత్రం నేను చెత్త ఎత్తబోతూ చూస్తే, సీసం దాటిన కాగితాల్లోనే పట్టుచీరల అంగడి వాళ్ళ నున్నటి దళసరి ప్రకటన కాగితాలు దండిగా ఉన్నాయి. ఏ పండక్కో పత్రికలో పెట్టి పంచినవి, కట్ట కట్టేటప్పుడు మామ చూసుకోలేదు. తీసుకెళ్ళి చూపిస్తే వాటిని తిరగేసి మరగేసి చూసి, "చీరలు అడ్డం పడితే ఎవరైనా ఆగాల్సిందే" అని నవ్వారు. వెంటనే కంచం పెట్టుకుని కూర్చున్నారు.

ఇంకోసారి, నాకు ఆస్పత్రిలో వరసగా డ్యూటీలు పడి రాలేకపోతే, కట్ట ఎండకు ఆరిపోయి అప్పడంలా బిగుసుకుపోయింది. కాగితాలు విడదీస్తే పేలికలయ్యాయి. ఒక తూటా వృథా. నన్ను ఒక్క మాట అనలేదు. కానీ అప్పటినుంచి కట్ట మీద తడి గోనెపట్టా కప్పడం మొదలుపెట్టారు.

డబ్బాలో చివరి తూటా చిత్తూరు ప్రయాణానికి ముందురోజు కాల్చారు. నాకు ఆ ఆదివారం డ్యూటీ. మర్నాడు ఆయన మేనల్లుడి ఇంట్లో శుభకార్యానికి చిత్తూరు బయల్దేరుతూ, కట్ట ఉన్న బకెట్ తెచ్చి నా గుమ్మంలో పెట్టారు. "నేనొచ్చినాక ఇప్పుదాం. అంతవరకూ తడి ఆరనీకు" అన్నారు. చేతిసంచీతో మెట్లు దిగుతూ మళ్ళీ వెనక్కి తిరిగి, "మరిచిపోతావు నువ్వు" అన్నారు. నేను మరిచిపోలేదు.

కర్మలన్నీ అయ్యాక మేనల్లుడు వచ్చి పోర్షన్ ఖాళీ చేశాడు. రివాల్వరు స్టేషన్లో అప్పగించాడు. మంచి పిల్లవాడు, గిన్నెలేమైనా కావాలా అని నన్ను అడిగాడు కూడా. బకెట్ చూసి ముక్కు మూసుకున్నాడు.

"ఇదేంది అక్కా, ఈడ ఇంత కంపు? పారేసేద్దామా?"

"అది నాదప్పా" అన్నాను.

నాది అని ఎందుకన్నానో అప్పుడు తెలియలేదు. రోజూ నీళ్ళు పోస్తూనే ఉన్నాను. పోయకపోతే ఆరి బిగుసుకుపోతుంది, పోస్తూ ఉంటే కుళ్ళిపోతుంది. విప్పుదామంటే ఇద్దరుండాలి. ఆ రెండో స్టూలు మీద ఎవర్ని కూర్చోబెట్టను? ల్యాబులో ఎవరినైనా పిలవచ్చు. ఏమని పిలవాలి? ఈ కట్ట విప్పే పిచ్చిపని మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. మనసు కక్కుర్తి పడుతుందని ఆయన అన్నది నిజమే, కాదనను. కానీ నెలకో ఆదివారం ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని ఒకటీ రెండూ అంటూ ఉండటం ఆయనకు ఎంత అవసరమో, నాకూ అంతే అవసరమని ఇన్నేళ్ళూ నాకు తట్టలేదు. ఇప్పుడు ఆదివారాలు చాలా పొడుగ్గా ఉంటున్నాయి.

పోయిన ఆదివారం కట్ట మీద బూజు కనిపించింది. ఇక ఆగితే ఏమీ మిగలదు. స్టూళ్ళు రెండూ ఎదురెదురుగా వేసి, పురికొస కోసి, నేనే తిప్పుతూ నేనే పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కొంతదూరం బాగానే సాగింది. ఒకచోట రాశిఫలాలు వచ్చాయి. చెయ్యి దానంతటదే ఆగిపోయింది. మామ రాశి వెతికి చదివాను. దూరప్రయాణం అని ఉంది, వాటిలో ఎప్పుడూ అదే రాస్తారు. కళ్ళు తుడుచుకుని చూస్తే లెక్క పోయింది.

అందుకే ఆ చివరి తూటా ఎన్ని కాగితాలు దాటిందో నేను మీకు చెప్పలేను. మళ్ళీ లెక్కపెట్టలేదు, ఊరికే తిప్పుతూ పోయాను. తిప్పేకొద్దీ చిల్లు కనిపిస్తూనే ఉంది. సీసం ముక్క దొరికేసరికి దాని కింద నాలుగైదు కాగితాలకు మించి లేవు. అంతదూరం పోయిన తూటాను మా ఇద్దరిలో ఎవరమూ అంతకుముందు చూడలేదు.

తుడిచాను. పెట్టడానికి ఎదురుగా అరచెయ్యి లేదు. ఆయన స్టూలు మీద పెట్టి, బకెట్ కడగడానికి లేచాను. తిరిగొచ్చేసరికి సీసం ముక్క చుట్టూ ఉన్న చిన్న తడి మరక ఎండకు ఆరిపోతోంది.