రుబ్బురాయి దగ్గర పలికిన గొంతు

దయ్యాలంటే నాకు చిన్నప్పటినుంచీ నవ్వే. హాస్టల్లో అందరూ దుప్పటి ముసుగేసుకుని వణుకుతుంటే బాత్రూమ్ దాకా తోడు వెళ్ళింది నేనే. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

అది రెండువేల తొమ్మిది చలికాలం. పెళ్ళయి విజయనగరం నుంచి అమెరికా, ఇల్లినాయ్‌లోని అరోరాకి వచ్చి ఏడాది కాలేదు. మా ఆయన ప్రాజెక్ట్ వేరే రాష్ట్రంలో. ఆదివారం ఫ్లైట్ ఎక్కితే మళ్ళీ గురువారమే ఇంటికి. నాకు ఉద్యోగం చేసే వీసా లేదు, డ్రైవింగ్ రాదు. నోరు విప్పే అవసరమే లేకుండా రోజులు గడిచిపోయేవి. ఇక నా వల్ల కాదు, ఈసారి రాగానే "టికెట్ బుక్ చెయ్యండి, ఇండియా వెళ్ళిపోతాను" అని చెప్పేద్దామని తేల్చుకున్నాను.

ఆ సంగతి తెలియక ఆయన ఫోన్‌లో, "ట్రైన్ ఎక్కి షికాగో వెళ్ళిరా. మ్యూజియంలో మెక్సికో వస్తువుల టూర్ బుక్ చేశాను" అన్నారు. పాతకాలపు మెక్సికో రాళ్ళూ కుండలూ చూసి నేనేం బావుకోవాలి? విసుక్కుంటూనే వెళ్ళాను.

అక్కడ అందరికీ మెడలో వేసుకునే చిన్న రిసీవర్, ఇయర్‌ఫోన్ ఇచ్చారు. గైడ్ ఒక పొడవాటి తెల్లాయన. ఆయన మైక్‌లో మెల్లగా మాట్లాడితే మన చెవిలో వినపడుతుంది. నేను పెట్టుకోగానే వినిపించింది ఒక ఆడగొంతు. తెలుగులో! అదీ మా విజయనగరం యాసలో.

నాకు కొంచెమైనా అనుమానం రాలేదంటే నమ్మండి. మా అరోరా పక్కనున్న నేపర్‌విల్ ఊరి నిండా మనవాళ్ళే కదా, మనకోసం అనువాదం పెట్టి ఉంటారనుకున్నాను! గైడ్ పెదాలు ఇంగ్లీషులో కదులుతున్నాయి, నా చెవిలో తెలుగు. ప్రాణం లేచొచ్చింది. మట్టి ఈలలు, పచ్చరాతి పూసలు, మాయా జాతివాళ్ళ గుడి నమూనా, అన్నీ ఆవిడ చెబుతుంటే చూశాను.

మొక్కజొన్న రుబ్బే రాయి దగ్గర ఆగాం. అచ్చం మన సన్నికల్లే, పొత్రంతో సహా. కాకపోతే మూడు కాళ్ళున్నాయి.

"ఎడం పక్క ఎలాగ అరిగిపోనాదో సూడు," అంది ఆ గొంతు. "రుబ్బినామెది ఎడం సెయ్యి వాటం. పెళ్ళి సేసుకుని దూరం నించి వచ్చింది. ఇక్కడోల మాట రాదు. ఈ రాయితోనే మాటాడుకునీది."

నా కళ్ళు మసకబారాయి. అంతలో, "ఒక్కర్తివే వచ్చినావేటమ్మా?" అంది.

"అవునండీ," అనేశాను పైకే.

అందరూ నావైపు తిరిగారు. గైడ్ కూడా మాట ఆపేశాడు.

"పలికినావా తల్లీ," అంది ఆ గొంతు, నమ్మలేనట్టు. ఆ తర్వాత ఇంకేమీ వినిపించలేదు.

రిసీవర్ తిరిగిచ్చేటప్పుడు కౌంటర్‌లో అమ్మాయి వెనక మూత తీసి చూసి, బ్యాటరీలు వెయ్యకుండానే ఇచ్చేశానని సారీ చెప్పింది. తెలుగు అనువాదం ఎవరు చేశారని అడిగితే వింతగా చూసింది. టూర్ ఇంగ్లీషులో తప్ప లేదట. ఎడం పక్క అరుగుదల గురించి గైడ్‌ని అడిగాను. ఆ మాట తను అననే లేదన్నాడు.

గురువారం మా ఆయన వచ్చారు. టికెట్ మాట ఎత్తలేకపోయాను. ఆ గొంతు ఆ రాయి రుబ్బినావిడదేనని నా మనసుకి తోచింది. వెళ్ళిపోతే ఆవిడని అక్కడ ఒంటరిగా వదిలేసినట్టవుతుందనిపించింది. శనివారం ఆయన్ని తీసుకెళ్ళి రాయి చూపించాను. వంగి చూసి, "నిజమే, ఎడం పక్కే అరిగింది" అన్నారు. కింద బోర్డు మీద ఆ ముక్క ఎక్కడా లేదు.

ఒంటరితనంలో నా మనసే కల్పించుకుందంటారు ఆయన. అంతే కావచ్చు. మరి ఆ రాయి ఏ పక్క అరిగిందో నేను గమనించకముందే నా మనసుకెలా తెలుసు?

డ్రైవింగ్ నేర్చుకున్నాను, ఇక్కడే ఉండిపోయాను. షికాగో వెళ్ళినప్పుడల్లా ఆ అద్దాల పెట్టె దగ్గర ఆగుతాను. చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసి, "నేనేనమ్మా, వచ్చాను" అంటాను. ఇంతవరకూ ఆవిడ మళ్ళీ పలకలేదు. అయినా పలకరించకుండా రాలేను.