ఆగిన బిల్డ్

కీబోర్డు మీద చెయ్యి వేసే ముందు సూర్యకళ గాజుల్ని మోచేతి దాకా పైకి తోసుకుంటుంది. కోడ్ చదువుతుంటే పెదాలు కదులుతాయి. పక్కన పెట్టుకున్న టీ మీద మీగడ కట్టేస్తుంది. ఎవరైనా వచ్చి కోడ్ పనిచేస్తోందని చెబితే సంతోషించదు. "ఏటి లేకపోతే పనిసెయ్యదో సూసేరా?" అని అడుగుతుంది. రుషికొండ ఆఫీసులో ఆమె టీమ్ రాస్తున్నది, ఓడల్ని రేవులోకి తెచ్చే టగ్ పడవలకు ఆదేశాలిచ్చే జావా అప్లికేషన్. అందులోని మాడ్యూళ్లలో దేనికి ఏది కావాలో చూసి అందించే ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగా, డాగరా అన్నది ఆ రోజే తేల్చాలి. ఆమె అన్నయ్య పనిచేసేది అలాంటి టగ్ మీదే.

"అందరికీ అలవాటైన స్ప్రింగ్ ఉండగా డాగర్ ఎందుకమ్మా?" అన్నాడు మేనేజర్ దేవీప్రసాద్, విసుగ్గా. సూర్యకళ అదే కోడ్‌ను రెండింటితోనూ బిల్డ్ చేసి, అంటే నడిపే రూపంలోకి మార్చి, చూపించింది. స్ప్రింగ్‌తో సాఫీగా పూర్తయింది. డాగర్‌తో మధ్యలోనే ఆగిపోయింది; తెర నిండా ఎర్రటి అక్షరాలు పరుచుకున్నాయి: గాలివేగం చెప్పే భాగం కావాలని టగ్ మాడ్యూల్ అడుగుతోంది, ఇచ్చేది ఏదీ లేదు. "టగ్ మాడ్యూల్ రాసింది నువ్వే కదా?" అన్నాడతను. ఆమె చెవులు వేడెక్కాయి. "నానే సార్. మర్సిపోనాను. ఇక్కడే ఆగింది కాబట్టి సరిపోయింది. స్ప్రింగైతే నడిపినప్పుడు గానీ సెప్పదు. ఓడ జెట్టీ కాడికొచ్చినాక ఆగితే ఏటి సేత్తాం?" దేవీప్రసాద్ ఆ ఎర్రటి అక్షరాల్ని మరోసారి చదివాడు. "డాగరే పెట్టండి" అన్నాడు చివరికి. గెలిచానని ఆమెకు అనిపించలేదు. అందరి ముందే తన తప్పు దిద్దుకోవడం మొదలుపెట్టింది.